గాలితుపాకి మరమేకులు: పోయినవానికి బదులు వెదకుటయు, ఉన్నవానిని చెడకుండ కాపాడుటయు

వ్యవసాయదారుల పత్రికలో గాలితుపాకి ప్రసక్తి యేల యని కొందఱు సభ్యులకు సందేహము కలుగవచ్చును. అందుకు కారణములు రెండు. హైదరాబాదున పెరిగిన గగన్ నారంగుగారు 2012వ సంవత్సరమున లండను ఒలింపిక్కు క్రీడలలో పదిమీటర్ల గాలితుపాకి పోటీయందు కాంస్యపతకమును గెలిచిరి. మన సభ్యుల పిల్లలలోను ఈ గుఱివిద్య నభ్యసించువారు కలరు. ఇది మొదటి కారణము. గాలితుపాకిని బిగించు మరమేకులే, అవే కొలతలతో, మన మందుకొట్టు యంత్రములందును, మోటారు స్టార్టరులందును ఉన్నవి. ఒకదాని మర్మము తెలిసినవానికి తక్కినవాని మర్మమును తెలియును. ఇది రెండవ కారణము.

చట్టమును గూర్చి ముందే ఒకమాట చెప్పవలసియున్నది. 2016 నాటి ఆయుధ నియమముల ప్రకారము 20 జౌలులకు మించిన శక్తిగాని, 0.177 అంగుళమునకు, అనగా 4.5 మిల్లీమీటర్లకు, మించిన గొట్టముగాని కల గాలితుపాకికి అనుమతిపత్రము వలయును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పక్షులను మృగములను వేటాడుటను నిషేధించినది. కావున చేనిమీద వ్రాలు నెమళ్ళపై ఈ తుపాకి నెత్తరాదు. మేమిచట చెప్పునది కాగితపు గుఱిని కొట్టు తుపాకిని గూర్చి మాత్రమే.

మా తప్పిదము

ఈ వ్యాసమును వ్రాయుటకు ప్రేరకమైనది మేము చేసిన తప్పు. దానిని దాచుటకంటె చెప్పుటయే సభ్యులకు మేలని తోచినది.

నాగార్జునసాగరు మార్గమందలి ఒక గ్రామమునుండి మా సభ్యుడొకరు మలకపేట మార్కెట్టుకు సరకు తెచ్చి, తిరిగిపోవుచు సంతోష్‌నగరమునందలి మా కార్యాలయమునకు వచ్చిరి. వారి కుమార్తె కళాశాలలో చదువుచు గుఱివిద్య నేర్చుకొనుచున్నది. ఆమె తుపాకికి కఱ్ఱను గొట్టముతో బిగించు మరమేకులు మూఁడు. ముందరివి రెండు, మీటకాపు వద్దిది ఒకటి. ముందరివానిలో నొకటి ఊడి యెక్కడనో పడిపోయినది. “మీయొద్ద మరమేకుల డబ్బా యున్నదిగదా, చూడుఁడు” అని వారడిగిరి.

మేమును చూచితిమి. పాత విద్యుత్ మీటరునుండి తీసి దాఁచిన యుక్కు మరమేకు ఒకటి కనఁబడెను. రంధ్రములో పెట్టి త్రిప్పఁగా అది వ్రేళ్ళతోనే చివరివఱకు పోయెను. “సరిపోయినది, తీసికొనిపొండు” అని ధైర్యముగాఁ జెప్పితిమి.

నెలదినములు గడిచెను. ఆ బాలిక కొట్టిన గుండ్లు ఒకటి కుడికి, ఒకటి యెడమకు చెదరఁజొచ్చెను. ఆమె తన చేయి వణఁకుచున్నదనియు, తన చూపు చెడినదనియు తలఁచి, కంటివైద్యునియొద్దకుఁ గూడ పోయినదఁట. పోటీకి పేరు పంపవలసిన దినము దాఁటిపోయెను. పిమ్మట తండ్రి ఆ మరమేకును బిగింపఁబోఁగా అది బిగువెక్కక, చుట్టూరఁ దిరుగుచుండెను. విప్పి చూడఁగా రంధ్రములోని మరలు పొడియై రాలినవి. లోపము చేతిలో లేదు, చూపులో లేదు. మేమిచ్చిన మరమేకులో నున్నది.

రంధ్రము 5 మిల్లీమీటర్ల మెట్రిక్కు మర గలది. మేమిచ్చినది పూర్వపు ఆంగ్లేయ పద్ధతిలో 2 బి.ఏ. అనఁబడు మరమేకు. దాని యడ్డుకొలత 4.7 మిల్లీమీటర్లు. ఈ రెంటి మరల నడుమ దూరము దాదాపు ఒక్కటే గనుక అది లోపలికి సులువుగాఁ బోయినది. సన్నమైనది గనుక మరల కొసలను మాత్రమే పట్టుకొన్నది. తుపాకి యదరినకొలఁది ఆ కొసలు తెగిపోయినవి.

మర యన నేమి?

హైదరాబాదు పనివారు మరను “చూడీ” యందురు. ఏ మరకైనను మూఁడు లక్షణములు కలవు. ఒకటి అడ్డుకొలత, అనగా మరమేకు లావు. రెండవది అంతరము, అనగా ఒక చుట్టు కొసనుండి మఱుచుట్టు కొసకు గల దూరము. మూఁడవది కోణము, అనగా రెండు చుట్టుల నడుమ నున్న లోయయొక్క వెడల్పు. ఈ మూఁడును కలిసినఁగాని జత కుదిరినట్లు కాదు.

పూర్వము ఒక్కొక్క కార్ఖానా తన కిష్టమువచ్చినట్లు మరలు కోయుచుండెను. 1841లో ఆంగ్లేయుఁడగు జోసెఫ్ విట్‌వర్తు 55 డిగ్రీల కోణముతో ఒక క్రమమును ప్రతిపాదించెను. 1864లో అమెరికాలో విలియం సెల్లర్సు 60 డిగ్రీల కోణముతో వేఱొక క్రమమును చెప్పెను. సన్నని పనులకై 1884లో బ్రిటిషు సంఘమువారు 47½ డిగ్రీల కోణముతో బి.ఏ. మరలను ఏర్పఱచిరి. 1948లో ఇంగ్లండు, అమెరికా, కెనడా దేశములు కలిసి అంగుళముల కొలతలలో ఒక సమానపద్ధతి నంగీకరించినవి. నేఁడు లోకమున నధికముగా వ్యాప్తిలో నున్నది 60 డిగ్రీల మెట్రిక్కు మర. మన దేశమున 1956 నాటి చట్టముచే మెట్రిక్కు కొలతలు వచ్చినవి గనుక బజారులో సులభముగా దొరకునదియు ఇదియే.

అయినను పాత సరకు పోలేదు. పూర్వపు ఆంగ్లేయ తుపాకులలో బి.ఏ., విట్‌వర్తు మొదలగు మరలును, అమెరికా తుపాకులలో అంగుళపు మరలును, జర్మనీ తుపాకులలో మెట్రిక్కు మరలును కానవచ్చును. పాత విద్యుత్ సామగ్రియందును బి.ఏ. మరలు కలవు. అన్నియు నొకే డబ్బాలో పడియుండుటయే మనకు ప్రమాదము.

కవలలవలె మోసగించు కొలతలు

ఈ క్రింది జతలను సభ్యులు ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలయును.

1. మెట్రిక్కు 5 మిల్లీమీటర్ల మరమేకునకు అంతరము 0.8. అమెరికా పద్ధతిలో 10–32 అనఁబడుదానికి అడ్డుకొలత 4.83, అంతరము 0.79. 2 బి.ఏ. మరమేకునకు అడ్డుకొలత 4.7, అంతరము 0.81. ఈ మూఁడును కంటి కొక్కటే. సన్ననివి రెండును 5 మిల్లీమీటర్ల రంధ్రములో దూరి వదులుగా నిలుచును. మేము మోసపోయినది ఇచ్చటనే.

2. మెట్రిక్కు 6 మిల్లీమీటర్ల మరమేకునకు అంతరము 1.0. సున్న బి.ఏ. మరమేకునకును అడ్డుకొలత 6, అంతరము 1.0. భేదము కోణమునందు మాత్రమే. పైపై కొలతలచే దీనిని కనిపెట్టుట యసాధ్యము. యంత్రము ఏ దేశపుదో, ఏ కాలపుదో తెలిసికొనుటయే మార్గము.

3. పావు అంగుళపు విట్‌వర్తు మరమేకు అడ్డుకొలత 6.35, అంగుళమునకు 20 చుట్టులు, అనగా అంతరము 1.27. ఇది 6 మిల్లీమీటర్ల రంధ్రములో చొరదు. కొందఱు పానాతో బలవంతము చేసి చొప్పింతురు. అప్పుడు రెండును చెడును.

4. మెట్రిక్కు 4 మిల్లీమీటర్ల మరమేకునకు అంతరము 0.7. 4 బి.ఏ. మరమేకునకు అడ్డుకొలత 3.6, అంతరము 0.66. ఇదియు వదులుగా దూరి మోసము చేయును.

కొలుచు విధము

వెర్నియరు కొలబద్ద యున్నచో అడ్డుకొలతను మర యంచులపై కొలువవలయును. నిజమైన 5 మిల్లీమీటర్ల మరమేకు కొలబద్దలో 5కు కొంచెము తక్కువగా, 4.9 ప్రాంతమున నుండును. ఇది దోషము కాదు. రంధ్రములో కదలుటకై విడిచిన సందు. 4.7 కు దిగినచో సందేహింపవలయును.

అంతరమును ఒక చుట్టునుబట్టి కొలిచినచో తప్పు వచ్చును. పది అంతరముల దూరమును కొలిచి పదిచే భాగింపుఁడు. పది అంతరములు 5 మిల్లీమీటర్లైనచో అది 3 మిల్లీమీటర్ల మెట్రిక్కు మరమేకు. 7 అయినచో 4 మిల్లీమీటర్లది. 8 అయినచో 5 మిల్లీమీటర్లది. 10 అయినచో 6 మిల్లీమీటర్లది. మర పొట్టిదై పది చుట్టులు లేనిచో అయిదింటిని కొలిచి రెట్టింపు చేయవచ్చును. రంపపు పండ్లవంటి పిచ్చి గేజి యను ఆకుల కట్ట దొరకును. ఏ యాకు మరలో వెలుతురు కనఁబడకుండ కూర్చుండునో, దానిపైని అంకెయే అంతరము.

కొలబద్ద లేనిచో దుకాణములో సరియైన కొలత వ్రాసియున్న క్రొత్త నట్టు నడిగి మన పాత మరమేకుపై వ్రేళ్ళతో త్రిప్పి చూడవచ్చును. ఇచట రెండు పరీక్షలు కలవు. రెండు మూఁడు చుట్టులు తిరిగి పట్టివేసినచో అంతరము వేఱు. చివరివఱకు తిరిగియు, పట్టి యాడించినపుడు లొడలొడలాడినచో అడ్డుకొలత వేఱు. మేము మొదటి పరీక్షను మాత్రమే చేసి రెండవదానిని మఱచితిమి. పట్టకుండుటయు, ఊఁగకుండుటయు, రెండును కుదిరినఁగాని సరిపోయినదని చెప్పరాదు.

పొడవును కొలుచుటయం దొక సంప్రదాయము కలదు. తల కఱ్ఱలో దిగిపోవు శంఖపుతల మరమేకునకు తలతోఁగూడ పొడవు చెప్పుదురు. తల పైకి నిలుచు తక్కినవానికి తలక్రిందినుండి చెప్పుదురు. ఇది తెలియక కొన్నచో మరమేకు కుఱుచగానో, పొడవుగానో వచ్చును. పొడవైనదానితో గాలితుపాకికి ప్రమాదము కలదు. ముందరి మరమేకు కొన కొన్ని తుపాకులలో లోపలి గొట్టమునకు తగులును. మీటకాపు మరమేకు కొన మీట పనిముట్టుల కడ్డుపడును. అడ్డుపడిన మీట తనంతట జాఱినచో కలుగు కీడు చెప్పనక్కఱలేదు.

వెదకుటకు క్రమము

మొదట తుపాకి తయారుచేసినవారి భాగముల పట్టికను చూడవలయును. అందు మరమేకు కొలత వ్రాసియున్నచో వెదకులాట సగము తీఱినట్లే. పట్టిక లేనిచో, పోయిన మరమేకునకు జతగా నున్న రెండవదానిని విప్పి నమూనాగాఁ దీసికొనిపోవలయును. తుపాకిని బజారునకు తీసికొనిపోవలసిన పనిలేదు. నమూనాను కాగితములో చుట్టి, అది యే స్థానమునుండి తీసినదో పైన వ్రాసికొనుఁడు.

సాధారణమైన మెట్రిక్కు మరమేకులు సంతోష్‌నగరు, సైదాబాదు వీథులలోని హార్డువేరు దుకాణములందే దొరకవచ్చును. లేనిచో సికిందరాబాదునందలి రాణీగంజునకు పోవలయును. మోటారులు, పంపులు, బేరింగులు, బోల్టులు అమ్ము అంగళ్ళచ్చట వరుసలుగాఁ గలవు. మన కార్యాలయమునకు సమీపమందే, కంచన్‌బాగున, 1973లో స్థాపింపఁబడిన మిశ్ర ధాతు నిగమము విమానములకును రాకెట్టులకును వలయు అపురూప లోహములను తయారుచేయుచున్నది. అంతటి లోహము తుపాకి కఱ్ఱకు వలదు. సరియైన కొలతగల మామూలు ఉక్కు చాలును.

ఉక్కులోను తరములు కలవు. తలపై 8.8 అని వ్రాసియున్నచో చదరపు మిల్లీమీటరునకు సుమారు 80 కిలోల లాగుడునకు తెగునదనియు, అందు పదింట ఎనిమిది వంతులవఱకు సాగిపోక నిలుచుననియు నర్థము. 10.9, 12.9 అనునవి అంతకంటె గట్టివి. ఏ గుర్తును లేనివి సాధారణముగా మెత్తని యుక్కువి. వాని తలగాఁడి త్వరగా చిట్లును. ఇత్తడి మరమేకును తుపాకి కఱ్ఱ బిగింపునకు వాడరాదు.

ఎచ్చటను దొరకని పాత మర యైనచో లేతు పనివానిచేత చేయించుకొనుటయే మార్గము. పట్టణమున దీనిని “ఖరాదు” పని యందురు. నమూనాతోపాటు అడ్డుకొలత, అంతరము, పొడవు, తల యాకారము అను నాలుగింటిని వ్రాసి యిండు. నోటిమాటగాఁ జెప్పిన కొలత దారిలోనే మాఱును. ఒకటి కావలసినపుడు మూఁడు చేయించుఁడు. యంత్రమును సిద్ధపఱచుటయందే శ్రమ యధికముగాని రెండు మూఁడవవానియందు కాదు.

మరలు చెడుటకు కారణములు

మొదటి కారణము సరిపడని పేచీకస్. తలగాఁడి గల మరమేకునకు పేచీకస్ మొన గాఁడి పొడవును, మందమును నిండించునదిగా నుండవలయును. ఆఁపువలె సన్నగిలిన మొన త్రిప్పినపుడు పైకెక్కి గాఁడి యంచును చిట్లించును. నాలుగుమూలల గాఁడిగల తల యైనచో పేచీకస్‌ను గట్టిగా నదిమిపట్టి మఱి త్రిప్పవలయును. త్రిప్పుబలముకంటె అదుముబలమే ఎక్కువగా నుండుట మేలు.

ఆఱుమూలల గుంట గల మరమేకులకు అలెన్ కీ వాడుదురు. మెట్రిక్కు 4 మిల్లీమీటర్ల మరమేకు నిలువుతల గుంట 3 మిల్లీమీటర్లు. 5 మిల్లీమీటర్లదానికి 4. 6 మిల్లీమీటర్లదానికి 5. 2.5 మిల్లీమీటర్ల గుంటలో అంగుళపు లెక్కలోని 3/32 కీ పెట్టినచో అది 2.38 మాత్రమే గనుక మూలలను నలిపి గుంటను గుండ్రముగాఁ జేయును. పెట్టుటకుముందు గుంటలోని మట్టిని సూదితో తీసివేయుఁడు. మొన యరిగిన కీని సానపై కొంచెము కోసి క్రొత్త మూలలు వచ్చునట్లు చేయవచ్చును.

రెండవ కారణము వంకరగా నెక్కించుట. మరమేకును పెట్టినవెంటనే కుడికి త్రిప్పరాదు. మొదట ఎడమకు మెల్లగాఁ ద్రిప్పుఁడు. మర మొదలు మొదటితో కలిసినపుడు చిన్న మెట్టు దిగినట్లు చేతికి తెలియును. అప్పుడు కుడికి త్రిప్పుఁడు. మొదటి మూఁడు చుట్టులు వ్రేళ్ళతోనే పోవలయును. పోనిచో పానా తీయరాదు, మరమేకునే తీయవలయును.

మూఁడవ కారణము అతిబిగింపు. ఉక్కులో నున్న 4 మిల్లీమీటర్ల 8.8 మరమేకునకు, 10 సెంటీమీటర్ల పిడి చివర సుమారు 3 కిలోల ఒత్తిడి చాలును. కఱ్ఱపై కూర్చున్నదానికి అంతకును వలదు; బిగించుచున్నకొలఁది కఱ్ఱ నలుఁగును గాని బిగువు పెరుగదు. అల్యూమినియములో ఉక్కుకంటె మర మెత్తన గనుక మరమేకు లావునకు ఒకటిన్నర మొదలు రెండింతల పొడవు లోపల పట్టియుండవలయును.

నాలుగవ కారణము వదులై యదరుట. స్ప్రింగు తుపాకియందు మీట లాగఁగానే స్ప్రింగు ముషలకమును ముందునకు త్రోయును. తుపాకి వెనుకకు జరుగును. ముషలకము గొట్టముచివర గాలిదిండును తాఁకఁగానే తుపాకి ముందునకు కుదుపఁబడును. ఒక్క గుండుతోనే రెండు కుదుపులు. అందుచే ఈ జాతి తుపాకులలో మరమేకులు తఱచుగా వదులగును. వర్షకాలమున ఉబ్బిన కఱ్ఱ వేసవిలో కుదించుకొనును. అదియును వదులునకు కారణమే.

దీనికి మందు సులభము. బిగించిన పిమ్మట మరమేకు తలపైనుండి కఱ్ఱమీఁదికి పెన్సిలుతో సన్నని గీఁత గీయుఁడు. గీఁత విఱిగినట్లు కనఁబడినచో మరమేకు తిరిగినదని గ్రహింపుఁడు. వదులు తఱచుగా వచ్చుచో మరపై నీలిరంగు మధ్యమతరము బంధకద్రవమును ఒక్క చుక్క వేయవచ్చును. ఎఱ్ఱరంగు గట్టిది వలదు. దానిని విప్పుటకు మిక్కిలి వేఁడి కావలయును. ప్లాస్టిక్కు కఱ్ఱ యున్నచోట ఈ ద్రవము చిందరాదు. కొన్ని ప్లాస్టిక్కులు దానిచే పగులును.

విప్పుటకు పూర్వము

తుపాకిలో గుండు లేదని స్వయముగాఁ జూచికొనవలయును. స్ప్రింగు ఎక్కుపెట్టియుండఁగా ఏ మరమేకును ముట్టరాదు. కఱ్ఱను బిగించు మరమేకులను విప్పుట గృహస్థుని పని. గొట్టము వెనుక బిరడాను విప్పుట కాదు. దానివెనుక స్ప్రింగు అణఁగియుండును. తగిన బిగింపు యంత్రము లేక విప్పినచో అది ముఖముమీఁదికి వచ్చును. ముందే గాలి నింపుకొను తుపాకులలో 200 బారులవఱకును, కొన్నిటిలో అంతకు మించియు ఒత్తిడి యుండును. కారు చక్రములోని గాలికి అది సుమారు నూఱింతలు. ఆ గాలిడబ్బాకు సంబంధించిన మరమేకులను గాలి పూర్తిగా తీయక ముట్టరాదు. వానికి బజారు మరమేకును బదులుగా పెట్టనేరాదు.

కదలని మరమేకు, చెడిన రంధ్రము

త్రుప్పుపట్టి కదలని మరమేకునకు త్రుప్పువిడుచు నూనె ఒక చుక్క వేసి ఒక రాత్రి విడువుఁడు. నూనె గొట్టములోనికి జాఱరాదు. స్ప్రింగు తుపాకిలో అదిమిన గాలివేఁడికి నూనె అంటుకొని ప్రేలును. పిమ్మట పేచీకస్‌ను తలపై నుంచి సుత్తితో రెండుమూఁడు మాఱులు మెల్లగా తట్టుఁడు. అప్పటికిని కదలనిచో టంకపు కడ్డీ మొనను తలపై కొంతసేపుంచి వేఁడిచేయుఁడు. ద్రవబంధకము వేసియున్నదానికిని ఇదియే చికిత్స. విప్పుటకు ముందు కొంచెము బిగించు దిక్కున కదల్చినచో త్రుప్పు పగులును.

తలగాఁడి పూర్తిగా పోయినచో, తల పైకి నిలిచియున్నయెడల రంపపు ఆకుతో క్రొత్తగాఁడి కోయవచ్చును. తల లోపల దిగియున్నచో ఎడమమర బరమాతో తొలువుఁడు. తొలుచుచుండఁగానే మరమేకు తిరిగివచ్చుట కలదు.

రంధ్రపు మర పోయినచో రెండు మార్గములు. చుట్టును లోహము చాలినంత యున్నచో పై కొలతకు పోవుట మొదటిది. బరమా కొలతకు లెక్క సులభము. మరమేకు అడ్డుకొలతలోనుండి అంతరమును తీసివేయుఁడు. 4 మిల్లీమీటర్లదానికి 3.3, 5 మిల్లీమీటర్లదానికి 4.2, 6 మిల్లీమీటర్లదానికి 5. ట్యాపును అరచుట్టు ముందునకు, పావుచుట్టు వెనుకకు త్రిప్పుచు, నూనె వేయుచు పోవలయును. రెండవ మార్గము ఉక్కుతీఁగె చుట్టతో చేసిన క్రొత్తమరను రంధ్రములో కూర్చుట. దీనివలన పాత కొలత మరమేకునే వాడవచ్చును. మేము చెడఁగొట్టిన తుపాకి రంధ్రమును అనుభవశాలియైన లేతు పనివానిచేత ఈవిధముగనే బాగుచేయించితిమి. ఖర్చు సహజముగా మేమే భరించితిమి. గాలి నొత్తు గొట్టమును మాత్రము తొలుచుటగాని, అతుకుటగాని కూడదు.

కఱ్ఱలోనికి నేరుగా దిగు మేకుమర వదులైనచో, అదే జాతి కఱ్ఱపుల్లను జిగురుతో రంధ్రములో దిగఁగొట్టి, ఒకదినమాఱనిచ్చి, క్రొత్తగా సన్నని బెజ్జము వేసి బిగింపవలయును.

సేద్యపు పనిముట్టులకు ఈ విద్య

మందుకొట్టు యంత్రములందు ఇనుప మరమేకులు త్వరగా పోవుటకు నీళ్ళు మాత్రమే కారణము కాదు. మైలుతుత్తముతో చేసిన బోర్డో మిశ్రమము ఇనుమును తినివేయును. అట్టిచోట తుప్పుపట్టని ఉక్కు మరమేకులు మేలు. అయితే అవి తమలో తాము పట్టుకొని బిగిసిపోవు స్వభావము గలవి గనుక పెట్టునపుడు కొంచెము కొవ్వునూనె పూయవలయును, నిదానముగాఁ ద్రిప్పవలయును. పని ముగిసిన దినముననే యంత్రమును మంచినీట కడుగుట అన్నిటికంటె మంచిమందు.

మోటారు స్టార్టరులో వదులైన మరమేకు వేఁడెక్కి తీఁగెను కాల్చును. కరెంటు పూర్తిగా ఆపి, ఆఁగినదని పరీక్షించి, మఱి దానిని ముట్టవలయును. అచ్చటి మరమేకులు తఱచుగా ఇత్తడివి. తుపాకికి చెప్పిన అతిబిగింపు హెచ్చరిక వీనికి రెట్టింపుగా వర్తించును.

సంఘములకు మా సూచన

ఒక్కొక్క రైతు వెర్నియరును, పిచ్చి గేజిని, ట్యాపులను కొనుట భారము. ఏఁటికి రెండుమాఱులు పని కలుగు పరికరమును ఇంటింట నుంచుకొనుటకంటె సంఘమున నొక్కటి యుంచుకొనుట లాభము. కావున ప్రతి సంఘకార్యాలయమున ఒక చిన్న పెట్టె నేర్పఱుపవలెనని కోరుచున్నాము. అందు 3, 4, 5, 6 మిల్లీమీటర్ల మెట్రిక్కు మరమేకులు, నట్టులు, వాషరులు వేఱువేఱు గూళ్ళలో నుండవలయును. ఒక వెర్నియరు, ఒక పిచ్చి గేజి, మంచి పేచీకస్‌లు మూఁడు, అలెన్ కీల కట్ట యొకటి దానితో నుండవలయును. తీసికొన్నవారు పుస్తకములో వ్రాసి తీసికొని, తిరిగి యిచ్చునపుడు కొట్టివేయింపవలయును. పాత యంత్రములనుండి ఊడదీసిన మరమేకులను ఈ పెట్టెలో కలుపరాదు. అవి యే యంత్రమువో చీటి కట్టి వేఱుగా నుంచవలయును. మా డబ్బాలో ఆ చీటి లేకపోవుటచేతనే ఇంత జరిగినది.

మరమేకు బిగిసిన పిమ్మట ఆ బాలిక మఱల గుఱి చూచెను. గుండ్లన్నియు ఒక చిన్న రూపాయిబిళ్ళలో నిముడునంత దగ్గఱగా పడినవని తండ్రి వచ్చి చెప్పిరి. ఆమె చేతియందు దోషము లేదని తెలిసి మేమెంత సంతసించితిమో, నెలదినము లామె తన్ను తాను నిందించుకొనుటకు కారకులమైనందుల కంత చింతించితిమి. దాఁటిపోయిన పోటీని మేము తిరిగి తెచ్చి యియ్యలేము. కొలువక యిచ్చుట, అడుగక పుచ్చుకొనుట అను రెండు దోషములును ఇఁకమీఁద మన సంఘములలో జరుగకుండునట్లు చూచుటయే మేము చేయఁగల పరిహారము. సందేహము గల మరమేకు నెవరైనను చీటితో మా కార్యాలయమునకు తెచ్చినచో, కొలిచి, కొలతను వ్రాసి యిత్తుము. ఈమాఱు చూచి చెప్పము, కొలిచి చెప్పుదుము.